నిమ్మఉప్పు, బొగ్గుల పెట్టె

మంచిర్యాలలో తెల్ల చొక్కా తొడుక్కొని బయటికి రావడం ధైర్యం కిందికే వస్తది. గాలిలో బొగ్గు, రోడ్డు మీద బొగ్గు లారీ. పొద్దున తొడిగిన తెలుపు మధ్యాహ్నానికల్లా మనసు మార్చుకుంటది. అయినా ఈ ఊరి వకీళ్ళు, లీడర్లు, పెండ్లిపెద్దలు తెల్ల నూలు బట్టలే కడుతరు. నేనూ అంతే. కాకపోతే వాళ్ళ చొక్కాల ఇస్త్రీ సాయంత్రం దాకా నిలబడతది, నాది కాలేజీ గేటు దాకా. డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే మనిషి, అందునా నూలు బట్ట ముడత పడకుండా చేసుడెట్ల అని పరిశోధన చేసే మనిషి, మొఖం మీద కొన్ని, చొక్కా మీద కొన్ని ముడతలతో క్లాసులోకి వస్తే పిల్లలు నవ్వక ఏం చేస్తరు?

నలభై ఐదు దాటినంక పీహెచ్‌డీకి పేరు రాయించుకున్న. "ఇప్పుడెందుకు?" అని మా ఇంటామె అడిగితే "ప్రమోషన్ కోసం" అన్న. అది సగం నిజం. మిగతా సగం మా బాపుది. ఆయన ఆదిలాబాద్ దిక్కు నల్లరేగడిలో ఏండ్లకేండ్లు పత్తి పెట్టిండు. ఏరిన పత్తి అర్రలో కప్పు దాకా పేరుకునేది, మేం పిల్లలం దాని మీదనే పడి దొర్లేటోళ్ళం. ఆయన ఒంటి మీద మాత్రం టెర్లిన్ అంగి. "నూలుది ఊకె నలుగుతది. ఎవడు ఇస్త్రీ చేయించాలె? ఇదైతే దులిపి తొడుక్కుంటే అయిపాయె" అనేటోడు. పత్తి పండించినోడే పత్తి తొడుక్కోకపోవుడు నాకు ఎక్కడనో గుచ్చుకుంటనే ఉండె, ఏరేటప్పుడు కాయ కొన వేలికి గుచ్చుకున్నట్టు.

పత్తిలో ఉన్నది దాదాపు అంతా సెల్యులోజే. చక్కెర అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని నిలబడ్డ పొడుగాటి వరుసలు అనుకోండి. వరుసలో పట్టు గట్టిదే. వరుసకూ వరుసకూ నడుమ ఉన్నది మాత్రం పక్కింటోళ్ళ పలకరింపు లాంటిది, గట్టిగా ఒత్తితే జరిగిపోతది. చెమట తగిలి, కుర్చీలో నలిగి ఒక వరుస పక్కకు జరిగిందంటే జరిగిన కాడనే మళ్ళీ కుదురుకుంటది. దాన్నే మనం ముడత అంటం. రెండు వరుసల నడుమ గట్టి ముడి వేసినమంటే, నలిగినా మళ్ళీ తన తావుకు తాను వస్తది. ముడి వేసి ముడత తీసుడన్న మాట.

మిల్లుల్లో ఈ ముడి వేసే మందులు చానా కాలం నుంచి ఉన్నయి. వాటిలో కొన్నిటి నుంచి ఫార్మాలిన్ ఆవిరి వస్తది. మా పక్క జువాలజీ ల్యాబులో సీసాలల్ల కప్పలను నిలవపెట్టేది దానితోనే. కప్పకు చొక్కా అక్కరలేదు, చొక్కాకు కప్ప మందు ఎందుకని ప్రపంచంలో చానామంది వేరే దారి వెదికిండ్రు. అట్ల దొరికిన ఒక దారి నిమ్మఉప్పు. కిరాణం షాపులో పొట్లం కట్టి ఇచ్చే ఆ తెల్ల పలుకులే. దానికి మూడు చేతులున్నయి. ఒక చేత్తో ఈ వరుసను, ఇంకో చేత్తో ఆ వరుసను పట్టుకోగలదు. నీళ్ళలో కరిగించి, ఇంకో ఉప్పు చిటికెడు కలిపి, బట్ట ముంచి, పిండి, ఆరబెట్టి, మంచి వేడి తగిలిస్తే పట్టు కుదురుతది. విషం లేదు, పారబోసిన నీళ్ళతో భయం లేదు. ఇదంతా ఎవరో ఎప్పుడో కనిపెట్టిందే. పెద్ద మిషన్లు లేకుండా, చిన్న మగ్గాల ఊర్లలో చేసుకునేటట్టు దీన్ని కుదించవచ్చా అని చూసుడే నా వంతు.

కరీంనగర్ దిక్కు మగ్గాల మీద నేసిన తెల్ల బట్ట తెచ్చుకున్న, జానెడు ముక్కలు కోసుకున్న. నిమ్మఉప్పు నీళ్ళు కలుపుకున్న. ఇక వేడి పెట్టాలనేసరికి ల్యాబు ఓవెన్ చచ్చిపోయింది. దాన్ని బాగు చేయించే ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి పోవుడు మొదలైంది. ఓవెన్ కంటే ఆ ఫైలుకే ఎక్కువ మంది చేతుల వేడి తగిలింది.

అప్పుడు గుర్తుకొచ్చింది మా గల్లీ మూలమీది ఇస్త్రీ బండి. దాని మీద నిలబడే అక్క నాకంటే ఏడెనిమిదేండ్లు పెద్దది. నస్పూర్ నుంచి పొద్దున్నే ఆటోలో వస్తది. ఇప్పుడందరూ కరెంటుది, గ్యాసుది వాడుతుంటే ఆమె ఇంకా బొగ్గుల పెట్టెనే తిప్పుతది. ఇంత బొగ్గు ఊళ్ళో ఉండి ఆమెకు గని బొగ్గు పనికిరాదు, దాని వాసన బట్టకు పట్టుకుంటది. కట్టె బొగ్గు ఎక్కడి నుంచో తెప్పించుకుంటది.

"ఏంది సారు గివి, చేతిరుమాళ్ళా?" అన్నది నా ముక్కలు చూసి.

"కాదక్కా. కాలేజీ పరీక్ష."

"పరీక్ష పిల్లలకా, బట్టలకా?"

"నాకే."

నవ్వి తీసుకున్నది. నేను జేబులోంచి వేడి కొలిచే పిస్తోలు లాంటి థర్మామీటరు తీసి పెట్టె అడుగుకు గురిపెట్టిన. ఆమె వేలు తడిపి ఒక చుక్క విదిలించింది. చుయ్‌మన్నది. "ఇంకా కాలే. జర ఆగు" అన్నది. నా పిస్తోలు కూడా అదే చెప్పింది, కాకపోతే ఆమె తర్వాత చెప్పింది. వారం తిరిగేసరికి నాకు అర్థమైంది. ఆ చప్పుడు సన్నగయిందా, పొడుగయిందా అన్నదాన్ని బట్టి ఆమె వేడి చెప్తది. పది డిగ్రీల తేడా వచ్చినా పసిగడుతది. నేను పిస్తోలు ఇంట్లో పెట్టి రావడం మొదలుపెట్టిన.

ఆ పరీక్ష దేనికో మాత్రం ఆమెకు చెప్పలే. అడగలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్న. అడగనిదానికి జవాబు చెప్పకపోవుడు లెక్చరర్లకు బాగా అలవాటు.

మొదటి మోపు ముక్కలు ఇంటికి తెచ్చి, ఉతికి, ఆరేసి చూస్తే నాకు నెత్తి తిరిగింది. ప్రతి ముక్క నడుమ నిలువుకు ఒక గీత, అడ్డానికి ఒక గీత. మళ్ళీ ఉతికిన. నానబెట్టి పిసికి ఉతికిన. గీతలు కదలలే. ముడతలు పోగొట్టే పరిశోధనలో ఎన్నటికీ పోని ముడత కనిపెట్టిన మొదటి మనిషిని నేనే కావచ్చు.

పొద్దున్నే బండి కాడికి ఉరికిన.

"అక్కా, వీటిని మడత పెట్టినవా?"

"పెట్టకుంట? ఇస్త్రీ చేసి మడత పెట్టకుంట ఎవలన్న ఇస్తరా? ఉండ చుట్టి ఇయ్యాల్నా?"

"మడత మీద మళ్ళ పెట్టె పెట్టినవా?"

"పెడితేనే కద మడత కూసునేది! కొత్తగ అడుగుతవేంది సారు, ముప్పయ్యేండ్ల సంది అట్లనే చేస్తున్న."

తప్పు నాది. ఇస్త్రీ చేసే చేతికి బట్ట పరిచి వదిలెయ్యడం చేతకాదని నాకు తట్టాల్సి ఉండె. పట్టు సరిగ్గా కుదిరే వేళకు ఆమె నాలుగు మడతలు పెట్టి ఒత్తింది, నిమ్మఉప్పు ఆ మడతనే తన తావు అనుకొని పట్టుకున్నది. నాకు నవ్వు ఆగలే. ఆమెకు నమ్మకం కుదరలే. ఒక ముక్క తీసుకొని బకెట్లో ముంచి, పిసికి, పిండి, దులిపి చూసింది. గీత అట్లనే ఉన్నది. బొటనవేలితో రుద్దింది. అయినా ఉన్నది.

"అంటే ఎట్ల పెడితె అట్లనే ఉంటదా?"

"ఆ."

"సాపుగ పెడితె సాపుగనే ఉంటదా? ఉతికినా?"

"ఆ... అదే పరీక్ష."

పెట్టెను పక్కన నిలబెట్టింది. బండి మీద మడత పెట్టిన చొక్కాల దొంతిని చూసింది, నన్ను చూసింది.

"మరి నాకేం పని సారు?"

"అదంతా ఇంకా చానా దూరం అక్కా, నాలాంటోళ్ళ పుస్తకాలు ఎవలు చదువుతరు" అన్న. అది నిజమే. కానీ నిజం చెప్పి తప్పించుకునుడు కూడా ఒక తీరు అబద్ధమే.

ఆ రోజు చొక్కాలతో పాటు కొత్త ముక్కలు కూడా వేసి ఇచ్చిన నా సంచి తెల్లారి తిరిగి వచ్చింది. చొక్కాలు కత్తిలాగ ఇస్త్రీ అయి ఉన్నయి. నిమ్మఉప్పు ముక్కలు ఇచ్చినవి ఇచ్చినట్టే ఉన్నయి. ఆమె "చొక్కాల గుండీ ఊడింది, కుట్టిన" అన్నదొక్కటే.

ఇంట్లో కరెంటు ఇస్త్రీపెట్టెతో నేనే మొదలుపెట్టిన. అది తనకు తాను ఆగుతది, తనకు తాను వేడెక్కుతది. ఒక ముక్క పచ్చిగా మిగిలింది, ఒకటి పసుపు రంగు తిరిగింది, ఒకసారి మా ఇంటామె పట్టుచీర మీద పెట్టె అచ్చు పడబోయి తప్పిపోయింది. "డాక్టరేట్ రాకముందే డాక్టర్ దగ్గరికి పోతవు" అన్నది ఆమె. కరీంనగర్‌లో ఉండే మా గైడు సారు ఫోన్ చేసి ఎండాకాలం సెలవులు అయ్యేలోపు లెక్కలు పంపకపోతే ఇంకో ఏడాది ఆగాలన్నడు.

పది రోజులకు అక్కనే నన్ను పిలిచింది.

"సారు, ఒక మాట. వకీలు సారుకు ఒక్క తీరు తెల్ల చొక్కాలు ఆరున్నయి. మనిషి జర గట్టి. ఇంత నలిగినా వాపసు పంపుతడు. అండ్ల ఒకటి నీ మందుల ముంచి చేద్దాం. ఆయనకు చెప్పొద్దు. ఆ చొక్కా మళ్ళ నా బండి మీదికి వస్తదా రాదా సూస్త."

"అడగకుండా ఆయన చొక్కా మీద పరీక్ష..."

"నన్ను అడిగి చేసినవా?"

సరే అన్న. ఆమె కాలరు లోపల నీలి దారంతో ఒక చిన్న కుట్టు వేసింది, ఏ బట్ట ఎవరిదో గుర్తుకు వేసే కుట్టే. నేను ముంచిన, ఆరబెట్టిన. ఆమె మడత పెట్టకుండా, చేతులకు చేతులు, వీపుకు వీపు పరిచి పెట్టె తిప్పింది. చెయ్యి తనకు తాను మడత మీదికి పోతుంటే రెండుసార్లు తనను తానే తిట్టుకున్నది. నేను పక్కన నిలబడి "ఇంకొంచెం వేడి, ఇంకొంచెం" అన్న. గట్టిగా పట్టు కుదరాలని నాకు ఆశ.

మొదటి వారం వకీలు మూటలో ఆరు చొక్కాలూ వచ్చినయి. రెండో వారం ఆరు. మూడో వారం నేను బండి కాడికి పోయేసరికి ఆమె మూట విప్పి పెట్టి ఉన్నది.

"ఐదే వచ్చినయి. నీలి దారంది రాలే."

నా లోపల ఒక సంతోషం ఎగిరింది. పరిశోధకుడికి అది చానా ఏండ్లకు ఒకసారి వచ్చే సంతోషం. అది మొఖం మీదికి రాకముందే పట్టుకుందామని చూసిన. కుదరలేదని ఆమె చూపులోనే తెలిసింది. చొక్కాలు ఒక్కొక్కటి తీసి దులుపుతూ, "మంచిగున్నది సారు నీ మందు" అన్నది. వెక్కిరింపు లేదు. బాధ కూడా కనిపించనియ్యలే. నాలుగో వారమూ ఐదే.

ఆ తెల్లారి నేను బండి కాడ ఉండంగనే వకీలు సారు స్కూటర్ ఆపి దిగిండు. చేతిలో కవరు. అందులోంచి చొక్కా తీసి బండి మీద పరిచిండు. భుజం కుట్టు పక్క నుంచి వీపు నడిమి దాకా చినిగి ఉన్నది.

"ఏమ్మా, ఏం పెట్టినవు దీని మీద? స్కూటర్ తొక్కంగ చెయ్యి ఎత్తితే పర్‌మన్నది. కోర్టు ముంగట!"

ఆమె చొక్కాను చేతిలోకి తీసుకొని, "తప్పయింది సారు" అన్నది. నా పేరు ఎత్తలే, నా దిక్కు చూడలే. అక్కడ ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే జన్మల మళ్ళీ ఆ బండి కాడికి పోకపోదును.

"తప్పు నాది సారు" అన్న. చెప్పిన, నిమ్మఉప్పు సంగతి మొత్తం చెప్పిన.

ఆయన నన్ను కింది నుంచి మీది దాకా చూసిండు. "నా చొక్కాను షర్బత్ చేసినవా?"

"అంత చక్కెర వెయ్యలే సారు."

"నోటీసు పంపుత నీకు" అన్నడు. మళ్ళీ ఆయనే గొంతు తగ్గించి, "నిజం చెప్పాల్నంటె రెండు వారాల సంది నాకు ఇష్టమైన చొక్కా ఇదే. ఉతికి దండెం మీదికెళ్ళి తీసి తొడుక్కుంటున్న. ఇస్త్రీ మాటే లేదు. చినగకపోతే ఆరింటినీ చేపిద్దునయ్యా" అన్నడు. నేను కొత్త చొక్కా కొనిస్తనన్న. తప్పకుండా కొనియ్యాలన్నడు, స్కూటర్ ఎక్కి పోయిండు.

అంటే ఆమె పరీక్షకు జవాబు వచ్చింది, నా పరీక్షకు కూడా వచ్చింది. రెండు జవాబులూ ఎవరికీ పనికొచ్చేటట్టు లేవు.

ముడి వేసే నిమ్మఉప్పే, వేడి ఎక్కువైతే పోగును కొరుకుతది. అది నాకు తెలువనిది కాదు. నా పట్టికలో దానికి ఒక వరుస కూడా ఉన్నది, 'బలం తగ్గుదల' అని. కానీ నేను ముక్కలు నలిపి, అవి ఎంత లేస్తున్నయో కోణం కొలుచుకుంట మురిసిపోయిన. జానెడు ముక్క చెయ్యి ఎత్తదు కదా, స్కూటర్ ఎక్కదు కదా.

అక్క ఆ చినుగు అంచును గోళ్ళ నడుమ పట్టి ఒక పోగు లాగింది. అది సప్పుడు లేకుండా తెగింది.

"గిది చినుగుడు కాదు సారు. బట్ట చచ్చింది."

"ఊ."

"ముప్పయ్యేండ్లల్ల నా పెట్టె కింద ఒక్క బట్ట చావలే. ఒకటి రెండు మాడినయేమో, అది వేరే." ఆ చొక్కాను మడత పెట్టబోయి, మడత పెట్టకుండానే బండి కిందికి వేసింది. "రేపు పొద్దుగాల ముక్కలు తే. మందు పలుచగ చెయ్యి. సగం చెయ్యి."

"అక్కా, నువ్వు వద్దనుకుంటే నేను ఇంతటితోనే..."

"పెట్టె పట్టుకున్నది ఎవలు? నేనే కద? నా చేతుల చచ్చినదాన్ని అట్లనే ఇడిసిపెడుదునా?"

ఆ తర్వాత వారం రోజులు, గిరాకీ రాకముందు పొద్దున పూట మేమిద్దరం పని చేసినం. నేను నీళ్ళు కలుపుడు, ఆమె పెట్టె తిప్పుడు. నేను గట్టిగా ఒక్కసారి ఒత్తించిన కాడ ఆమె తక్కువ వేడి మీద, ఎక్కువసార్లు, పెట్టెను ఆపకుండా జార్చుకుంట పోయింది. ప్రతి ముక్కకూ అంచు నుంచి ఒక పోగు లాగి, చెవి దగ్గర పెట్టుకొని తెంపి వినేది. బతికున్న పోగు టప్పుమంటదట. నాకు మొదటి రెండు రోజులు ఏం వినబడలే. మూడో రోజు వినబడ్డది, లేకపోతే వినబడ్డదనుకున్న. ల్యాబులో బలం కొలిచే మిషన్ ఆమె చెవితో చానావరకు ఒప్పుకున్నది.

ఏడో రోజు ఒక ముక్క చేసి, పోగు తెంపి, "గీడికి చాలు" అని పెట్టె నిలబెట్టింది.

ఆ ముక్క మంచిగున్నది. బలం నిలిచింది, రంగు మారలే. ముడత మామూలు నూలు బట్టకు పడేదాంట్ల సగం కూడా పడతలేదు. కానీ పడతది. దండెం మీది నుంచి తీసి నేరుగా కోర్టుకు తొడుక్కుపోయేటట్టు లేదు. ఒక్కసారి పైపైన పెట్టె తిప్పితే మాత్రం సాయంత్రం దాకా సాపుగ ఉంటది.

నేను దాన్నే 'అనుకూలమైన స్థితి' అని రాసిన. గైడు సారు లెక్కలు చూసి, బలం, సాపుదనం మంచిగ తూగినయన్నడు. పర్యావరణానికి మేలు చేసే పద్ధతి అని పేరు పెట్టి బొగ్గుల మీద చేసినవేందయ్యా అని మాత్రం నిలదీసిండు. ఆ ప్రశ్నకు నేను మూడు పేజీల జవాబు రాసిన. అర పేజీలో చెప్పాలంటే, ఓవెన్ లేదు.

పట్టిక రాస్తుంటే ఒక గడి ఖాళీగా కనబడ్డది. అదే పలుచని మందు, అదే తక్కువ వేడి, ఇంకో రెండుమూడు సార్లు పెట్టె తిప్పితే? అక్కడ బట్ట బతికి ఉండి, ముడత పూర్తిగా పోయి, ఇస్త్రీ అక్కరే లేకుండా అయ్యేదా? మేం అక్కడి దాకా పోలే. ఆమె ఆపిన కాడ ఆపినం. ఇప్పుడు ఓవెన్ బాగయింది, ఆ గడి నింపడానికి ఒక్క పూట చాలు. ముక్కలు కూడా ఐదు మిగిలినయి. వాటిని సంచిలో వేసుకొని, నా చొక్కాలతో పాటు తీసుకొని బండి కాడికి పోయిన.

"అక్కా, ఒకటి అడుగుత. ఆనాడు 'గీడికి చాలు' అన్నవు కద. ఇంకో రెండుసార్లు తిప్పితే బట్ట తట్టుకునేదా?"

ఆమె ఒక పిల్లగాని యూనిఫాం చొక్కాకు చెయ్యి మడత పెడుతున్నది. పెట్టి, ఒత్తి, దొంతి మీద పెట్టి అప్పుడు నా దిక్కు చూసింది.

"అడుగుతున్నది నువ్వా, నీ పుస్తకమా?"

"నేనే" అన్న.

"నువ్వయితే సంచి ఇటు తే. చొక్కాలు ఎన్ని?"

"నాలుగు."

సంచి ఇచ్చే ముందు తీసుకున్న ఐదు ముక్కలు నా చేతిలోనే ఉండిపోయినయి. ఓవెన్ కాడికి పోలే. పట్టిక కింద 'దీనిపై ఇంకా పరిశోధన జరగవలసి ఉన్నది' అని రాసిన. ఆ వాక్యం ప్రతి థీసిస్‌లో ఉంటది, ఎవరూ దాన్ని చదవరు. పుస్తకం ఆ గడి ఖాళీతోనే బైండింగుకు పోయింది.